బీఏలో చేతికి వచ్చే పనితనం ఏమిటి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న ఇది: "బీఏ చేస్తే ఏమొస్తుంది?" అడిగేవాళ్ల మనసులో ఉన్నది జీతం. జవాబు చెప్పేవాళ్లు సంస్కారం గురించీ, విశాల దృక్పథం గురించీ మాట్లాడతారు. ఒకరు అడిగింది ఒకటి, ఇంకొకరు చెప్పేది ఒకటి కాబట్టి వాదన తెగదు. మొదటి ఉద్యోగంలో ఎంత వస్తుంది, ఏ పరీక్షలకు అర్హత దొరుకుతుంది, మూడు నాలుగేళ్లలో ఏ పని చేయడం వస్తుంది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు అంత ఆశాజనకంగా ఉండదు, దాన్ని దాచాల్సిన పనీ లేదు. రెండోది నిబంధనలు చదివితే తేలిపోతుంది. మూడోదాని గురించే ఎవరూ వివరంగా చెప్పరు. మొదటి రెండింటి భవిష్యత్తూ దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మానవీయ శాస్త్రాలంటే భాష, సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, కళలు. ఆర్థిక, రాజనీతి, సమాజ శాస్త్రాలను సామాజిక శాస్త్రాలంటారు. మన డిగ్రీ కాలేజీల్లో ఈ గీత చెరిగిపోయింది. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ కలిపి హెచ్‌ఈపీ అని చదువుతారు. కాబట్టి ఈ వ్యాసంలోనూ ఆ గీతను గట్టిగా పట్టుకోవడం లేదు.

ఒక తేదీ వెనక ఉన్న పని

రుద్రమదేవి ఎప్పుడు మరణించింది? గైడులో తేదీ ఉంటుంది. కంఠస్థం చేస్తే ఒక మార్కు వస్తుంది. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మొదలుపెడితే అసలు చదువు మొదలవుతుంది.

వెనిస్ వర్తకుడు మార్కో పోలో 1290ల తొలినాళ్లలో కోరమండల్ తీరం మీదుగా ప్రయాణించాడు. మోటుపల్లి రేవు ఉన్న రాజ్యం గురించి చెబుతూ, అక్కడి రాజు పోయి నలభై ఏళ్లయిందనీ, అప్పటి నుంచి ఆయన భార్య న్యాయంగా పాలిస్తోందనీ అన్నాడు. ప్రయాణికుడు, సమకాలికుడు, పైగా పరాయివాడు కాబట్టి పొగడాల్సిన అవసరం లేనివాడు. మంచి సాక్షిలాగే కనిపిస్తాడు.

ఇప్పుడు గుంటూరు ప్రాంతంలోని మల్కాపురం శాసనం దగ్గరికి వద్దాం. దాని కాలం 1261. అందులో రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. రాజ్యానికి చెందిన వాళ్లే, ఆమె పాలిస్తున్న కాలంలోనే చెక్కించిన మాట అది. బంధుత్వం విషయంలో ఎవరిని నమ్మాలో తేలిపోయింది. నలభై ఏళ్ల లెక్క కూడా కుదరదు. 1292 నుంచి నలభై ఏళ్లు వెనక్కి వెళితే 1252. అప్పటికి గణపతిదేవుడు బతికే ఉన్నాడు, పాలిస్తున్నాడు.

మూడో సాక్ష్యం నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వారి పుణ్యం కోసం దానం చేస్తున్నాననీ పువ్వుల ముమ్మడి అనే సేవకుడు చెక్కించాడు. శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. అంటే 1289 నవంబరు. ఈ రాయి వెలుగులోకి రాకముందు ఆమె పాలన 1295 ప్రాంతం దాకా సాగిందని పుస్తకాల్లో రాసేవారు. ఒక సేవకుడి దానపత్రం ఆ లెక్కను ఆరేళ్లు వెనక్కి జరిపింది. దీన్నిబట్టి మార్కో పోలో ఈ తీరానికి వచ్చేసరికి ఆమె లేదు. అతను విన్నది రేవుల్లో తిరిగే మాట. పైగా ఆ పుస్తకం 1298లో జెనోవా జైలులో ఇంకొకరికి చెప్పి రాయించినది.

ఇక్కడితో ఆగితే సగం పనే. ఆ శాసనం చెప్పనిది ఏమిటన్నది మిగతా సగం. ఆమె ఎలా మరణించిందో అది చెప్పదు. కాకతీయుల మీద తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలో పోయి ఉంటుందన్నది చరిత్రకారుల ఊహ. రాణీ, సేనానీ ఒకేసారి పోవడం, అంబదేవుడు తన త్రిపురాంతకం శాసనంలో మల్లికార్జునుడిని ఓడించానని చెప్పుకోవడం, ఈ రెండింటినీ కలిపి చేసిన ఊహ అది. బలమైన ఊహే. అయినా ఊహే. "శాసనం ప్రకారం ఆమె యుద్ధంలో మరణించింది" అని రాసిన విద్యార్థికి మంచి అధ్యాపకుడు మార్కులు తగ్గించాలి.

తేదీని సరిచూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఇది పంచాంగం తెలిసిన ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. పుష్యం నుంచి ఫాల్గుణం లోపు తిథి జనవరి ఒకటిన గానీ ఆ తర్వాత గానీ పడితే 79 కలపాలి. సంవత్సరం పేరు సరిపోయిందో లేదో చూడటానికి శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించాలి. 1211కి 12 కలిపితే 1223, శేషం 23. ప్రభవ నుంచి లెక్కపెడితే ఇరవై మూడోది విరోధి. సరిపోయింది. సరిపోకపోతే మూడు అనుమానాలు పుడతాయి: చెక్కినవాడు తప్పు చేశాడా, చదివినవాడు అంకెను తప్పుగా చదివాడా, లేక గడిచిన సంవత్సరం బదులు నడుస్తున్న సంవత్సరం రాశారా. రాయి అరిగిపోయి ఒక అంకె కనిపించనప్పుడు ఈ సంవత్సరం పేరే దిక్కు.

రాయి దగ్గర చేసే పని ఇంకోటి ఉంది. గట్టి బ్రష్షుతో, నీళ్లతో రాతిని కడిగి, తడిపిన కాగితాన్ని పరిచి, అక్షరాల గుంతల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, కాస్త ఆరాక నల్ల సిరా అద్దుతారు. గుంతల్లోకి సిరా పోదు కాబట్టి అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా నకలు వస్తుంది. కాగితం బాగా తడిగా ఉండగానే సిరా అద్దితే అలుక్కుపోతుంది. పూర్తిగా ఎండనిస్తే రాతిని వదిలేసి లేచిపోతుంది. పాత తెలుగు, కన్నడ లిపులు చదవగలిగినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువమంది. ఊళ్లలో శాసనాలు మాత్రం ఇంకా బయటపడుతూనే ఉన్నాయి.

ఇక్కడ జరిగిన పనులను విడదీసి చూడండి. సాక్షి ఎవరు, ఎంత దగ్గరగా ఉన్నాడు, ఎందుకు చెబుతున్నాడు అని అడగడం. రెండు సాక్ష్యాలు ఢీకొన్నప్పుడు ఏది ఏ విషయంలో నమ్మదగినదో విడివిడిగా తేల్చడం. మార్కో పోలో బంధుత్వం గురించి తప్పు చెప్పాడు కాబట్టి అతని పుస్తకం మొత్తం పనికిరాదనుకోవడం కూడా పొరపాటే. ఆ ప్రాంతపు వజ్రాల గురించి, సన్నని నేత గురించి అతను చెప్పినవి వేరే పరీక్షకు నిలబడాలి. ఆధారం చెప్పినదానికీ మనం ఊహించినదానికీ మధ్య గీత గీయడం. చివరికి ఇదంతా చదివేవాడు తిరిగి సరిచూసుకునేలా రాయడం. బీఏ ఇవ్వాల్సిన పనితనం ఇదే.

ఇదే పని ఫైలు మీద

కాకతీయుల సంగతి వదిలేసి ఇటీవలి కాలానికి వద్దాం. తెలంగాణ గ్రూప్–1 మెయిన్స్‌లో ఆరో పేపర్ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీద. అందులో 610 జీవో తప్పనిసరి అంశం. కోచింగ్ నోట్సులో నాలుగు ముక్కలు ఉంటాయి: 1985 డిసెంబరు 30, ఎన్టీఆర్ ప్రభుత్వం, జయభారత్ రెడ్డి కమిటీ, 58,962 మంది స్థానికేతరులు.

జీవోనే ముందు పెట్టుకుని చదివితే వేరే ప్రశ్నలు లేస్తాయి. ఉద్యోగాల్లో స్థానికుల వాటా నిర్ణయించిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా ఐదు, ఆరు జోన్లలో (తెలంగాణ ప్రాంతంలో) నియమితులైన స్థానికేతరులను 1986 మార్చి 31 నాటికి వాళ్ల జోన్లకు పంపాలని అందులో ఉంది. అవసరమైతే సూపర్‌న్యూమరరీ పోస్టులు సృష్టించాలనీ ఉంది. అంటే వెనక్కి పంపడానికి అక్కడ ఖాళీలు ఉండవని రాసినవాళ్లకే తెలుసు. ఆ అదనపు పోస్టుల జీతాలు ఏ పద్దు కింద? మూడు నెలల గడువులో సర్వీసు రికార్డులు ఎవరు వడపోస్తారు? ఆ 58,962 అంకె ఏ శాఖల నుంచి, ఏ నిర్వచనంతో తీసింది? ఓపెన్ కోటాలో చట్టబద్ధంగా వచ్చినవాళ్లను దాన్నుంచి తీశారా? దీని అమలును పరిశీలించడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చిందంటే ఈ ప్రశ్నలు పదహారేళ్లయినా తేలలేదన్నమాట.

ఈ విషయంలో రెండు రాష్ట్రాల పాఠకులకూ గట్టి అభిప్రాయాలున్నాయి. ఉండాలి కూడా. అయితే ఆఫీసులో ఫైలు రాసే అధికారికీ, కోర్టులో వాదించే వకీలుకూ, వార్త రాసే విలేకరికీ కావాల్సింది అభిప్రాయం కంటే ముందు ఈ ప్రశ్నలు లేవనెత్తగల చూపు. చరిత్రలో శిక్షణ పొందినవాళ్లకు అది అలవాటుగా వస్తుంది. శిక్షణ నిజంగా జరిగి ఉంటే.

ఎక్కడ చెడుతోంది

చాలా కాలేజీల్లో ఆ శిక్షణ జరగడం లేదు. మానవీయ శాస్త్రాలకు విలువ లేదనే మాటకు మన దగ్గర బలం వచ్చింది ఇక్కడే. సెమిస్టర్ చివర క్వశ్చన్ బ్యాంకు వస్తుంది, గత నాలుగేళ్ల ప్రశ్నల నుంచి పది "ఇంపార్టెంట్" ఏరుకుంటారు, ఆల్ ఇన్ వన్ నుంచి జవాబులు బట్టీపడతారు. జవాబు బాగుందో లేదో పేజీలు లెక్కపెట్టి తేల్చే పేపర్లు దిద్దేవాళ్లూ ఉన్నారు. ఇలా మూడేళ్లు గడిపిన విద్యార్థి ఒక్క మూల గ్రంథం తెరవడు, సొంతంగా ఒక్క వ్యాసం రాయడు, రాసినదాన్ని ఒక్కసారీ తిరగరాయడు. ప్రయోగశాల మెట్టెక్కని కెమిస్ట్రీ విద్యార్థికీ ఇతనికీ తేడా లేదు. కెమిస్ట్రీలో లోటు వెంటనే బయటపడుతుంది, ఇక్కడ పట్టా చేతికొచ్చాక గానీ తెలియదు.

భాష సమస్య దీనికి తోడు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ మీడియం బీఏలో చేరినవాళ్లకు ఆలోచన తెలుగులో, పరీక్ష ఇంగ్లిష్‌లో. రెండూ కలవక బట్టీ ఒక్కటే దారి అవుతుంది. ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లో కొత్తగా రాయడం నెమ్మదిగా సాగుతుంది, కానీ పనిచేస్తుంది. వాక్యానికి వాక్యం అనువదించడం పనిచేయదు. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది, ఇంగ్లిష్ వాక్యం క్రియను ముందే కోరుతుంది. వాదన మొత్తం తలకిందులుగా కూర్చుంటుంది.

కాలేజీ ఎలా ఉన్నా సొంతంగా చేయగలిగింది ఒకటుంది. మూడు వారాలకో వ్యాసం, 1,000 నుంచి 1,200 పదాలు. సెలవులు, పరీక్షలు పోను ఏడాదికి పది పన్నెండు అవుతాయి. అంశం ఇరుకుగా ఉండాలి. "కాకతీయుల కాలంనాటి ఆర్థిక పరిస్థితులు" అన్నది అంశం కాదు, అధ్యాయం పేరు. "గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వర్తకులకు అభయం ఎందుకు ఇవ్వాల్సి వచ్చింది?" అన్నది అంశం. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ ఆ శాసనం చెబుతుంది. ఇక అక్కడి నుంచి తవ్వుకుంటూ పోవచ్చు: అభయం ఇచ్చిన రాజుకు లాభమేమిటి, ఆ లాభం ఎవరి జేబులోంచి పోయింది, తర్వాతి పాలకులు ఆ మాట నిలబెట్టుకున్నారా.

ఐదారు వ్యాసాలో అధ్యాయాలో చదివి నోట్సు రాసుకునేటప్పుడు పక్కన పుస్తకం పేరు, పేజీ నంబరు వేయాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఎక్కువ వ్యాసాలు కూలేది ఇక్కడే. రెండు వారాల తర్వాత నోట్సు తెరిస్తే ఏది తన మాటో, ఏది పుస్తకంలోని మాటో తెలియదు. అనుకోకుండానే కాపీ అవుతుంది. పుస్తకంలోని మాటను యథాతథంగా ఎత్తి రాసుకుంటే అక్కడికక్కడే కొటేషన్ గుర్తులు పెట్టాలి. రాయడానికి ముందు తన వాదన ఒక్క వాక్యంలో రాసుకోవాలి. అది కాదనగలిగే వాక్యమై ఉండాలి. "వాణిజ్యం ముఖ్యమైనది" అంటే ఎవరూ కాదనరు, కాబట్టి అది వాదన కాదు. తన వాదనకు ఎదురుగా ఉన్న బలమైన ఆధారాన్ని వ్యాసంలోనే ఒక పేరాలో పెట్టి జవాబు చెప్పాలి. పూర్తయ్యాక పైకి చదివి, ఇంకొకరి చేత దిద్దించి, మళ్లీ రాయాలి. నేర్పు వచ్చేది ఈ రెండో రాతలోనే. మొదటి ప్రతిని అందరూ బాగానే రాస్తారు.

పరీక్షల లెక్క

సివిల్స్ మెయిన్స్‌లో ర్యాంకుకు లెక్కించే మార్కులు 1,750. వ్యాసానికి 250, నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లకు ఒక్కోదానికి 250, ఆప్షనల్ రెండు పేపర్లకు 500. ఇంటర్వ్యూ 275 కలిపితే 2,025. జనరల్ స్టడీస్‌లో మొదటిది చరిత్ర, సంస్కృతి, భూగోళం, సమాజం. రెండోది రాజ్యాంగం, పాలన. నాలుగోది నైతికత. వ్యాసం కూడా కలిపితే వెయ్యి మార్కులు ఈ చదువు పరిధిలోనే ఉన్నాయి. ఆప్షనల్‌గా చరిత్ర, తత్వశాస్త్రం, ఆంత్రోపాలజీ, తెలుగు సాహిత్యం లాంటివి తీసుకుంటే పదిహేను వందలు. తెలంగాణ గ్రూప్–1 మెయిన్స్‌లో 900 మార్కులకు ఆరు పేపర్లుంటే సైన్స్–డేటా పేపర్ ఒక్కటి పక్కనపెడితే మిగతా ఐదూ ఇవే. ఏపీ గ్రూప్–1లోనూ ఐదు ర్యాంకింగ్ పేపర్లలో నాలుగు ఇంతే.

మరి ఎంపికైనవాళ్లలో ఇంజనీర్లే ఎందుకు ఎక్కువ? ప్రిలిమ్స్‌లో సీశాట్ ఉంది, అది లెక్కలు, తర్కం అడిగే పేపర్, అందులో 33 శాతం తెచ్చుకోవాలి. లెక్కలు ఇంటర్‌తో కాదు, పదో తరగతితోనే వదిలేసిన బీఏ విద్యార్థి అక్కడ తడబడతాడు. రెండో కారణం అంతకన్నా పెద్దది. ఇంజనీర్లు ఈ సబ్జెక్టులు కొత్తగా మొదలుపెడతారు కాబట్టి మూడు గంటల్లో రాసే సాధన ఏడాది, రెండేళ్లు చేస్తారు. బీఏ విద్యార్థి "ఇవి మన సబ్జెక్టులేగా" అనుకుంటాడు. సబ్జెక్టు తెలియడం వేరు, 150 పదాల్లో వాదన నిలబెట్టడం వేరు. పైన చెప్పిన వ్యాసాల అలవాటు డిగ్రీలోనే ఉంటే ఆ ఏడాది ముందుగానే చేతిలో ఉన్నట్టు.

అర్హతల దగ్గర జారిపోయేవాళ్లు

ఇక్కడ తెలివికి కాదు, తొందరపాటుకు శిక్ష పడుతుంది. కేంద్రీయ విద్యాలయాల్లో సోషల్ టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టుకు డిగ్రీలో చరిత్ర, భూగోళం, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రాల్లో రెండు చదివి ఉండాలి, ఆ రెండింటిలో ఒకటి చరిత్ర గానీ భూగోళం గానీ కావాలి. హెచ్‌ఈపీ చదివినవాళ్లకు ఇబ్బంది లేదు. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివి, తర్వాత సోషల్ మెథడాలజీతో బీఎడ్ చేసినవాళ్లు దరఖాస్తు పెట్టేటప్పుడు గానీ ఈ సంగతి చూసుకోరు. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) విధానంలో చేరినవాళ్లు మైనర్ (రెండో సబ్జెక్టు) ఎంచుకునే రోజే ఈ లెక్క వేసుకోవాలి. రాష్ట్ర డీఎస్సీలోనూ అంతే. డిగ్రీ సబ్జెక్టు, బీఎడ్ మెథడాలజీ, పోస్టు మూడూ ఒకే వరుసలో ఉండాలి.

డిగ్రీ కాలేజీలో, యూనివర్సిటీలో బోధించాలంటే పీజీలో 55 శాతం, దానిపై నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ కావాలి. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం 57,700 రూపాయలు. అది చూసి మురిసిపోయే ముందు రెగ్యులర్ నియామకాలు ఎన్నేళ్లకొకసారి జరుగుతున్నాయో కూడా చూడాలి. మధ్యలో గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీగా గడిపే ఏళ్లు చాలామందికి తప్పడం లేదు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే తొలి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 ఫెలోషిప్. పరిశోధన చేసే కుర్రవాడిని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా వదిలేసేది ఈ డబ్బు వల్లే.

నాలుగేళ్ల ఆనర్స్ విషయంలో యూజీసీ నిబంధన స్పష్టం. మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత. కాగితం మీద బాగుంది. నాలుగో ఏట పరిశోధన చేయించగల అధ్యాపకులు, గ్రంథాలయం లేని కాలేజీలో ఆ ఏడాది ఉండిపోవడం కంటే మూడేళ్లకు బయటకొచ్చి మంచి విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఎంఏ చేయడం మేలని మా అభిప్రాయం.

సైకాలజీకి ఇప్పుడు గిరాకీ ఉంది. బీఏ సైకాలజీతో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టకూడదు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లా వైపు వెళ్లేవాళ్లకు దారి సులువు. ఏ డిగ్రీతోనైనా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరొచ్చు, జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 45 శాతం చాలు.

యంత్రాలు రాయడం మొదలుపెట్టాక

కంప్యూటరే వ్యాసం రాసిస్తుంటే ఈ చదువెందుకన్న ప్రశ్న కొత్తగా వస్తోంది. తెలుగు మీద పనిచేసేవాళ్లకు దాని రెండో వైపు కనిపిస్తుంది. "బడికి వెళ్లాడు", "తమ్ముడికి ఇచ్చాడు", "చలికి వణికాడు", "నాకు జ్వరం వచ్చింది". నాలుగింటిలోనూ ఒకే విభక్తి. మొదటిది చేరే చోటు, రెండోది పుచ్చుకునేవాడు, మూడోది కారణం, నాలుగోది అనుభవించేవాడు. యంత్రానికి భాష నేర్పే వాక్యాలకు ఈ సంబంధాలను గుర్తించి ముద్ర వేసే పనికి భాషాశాస్త్రం తెలిసిన మనిషి కావాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు భారతీయ భాషల వాక్య నిర్మాణాన్ని గుర్తించడానికి క్రియకూ మిగతా పదాలకూ ఉన్న సంబంధాలను చెప్పే పాణిని కారక సిద్ధాంతాన్నే చట్రంగా తీసుకున్నారు. అక్కడి కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ డ్యూయల్ డిగ్రీ ఎంపీసీ చదివినవాళ్లకే. బీఏ వైపు నుంచి వచ్చేవాళ్లకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియాల్లోని భాషాశాస్త్ర ఎంఏలు దారి. ఎంఏలో చేరే ముందే ప్రోగ్రామింగ్ ప్రాథమికాలు ఆరు నెలలు నేర్చుకుంటే తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి.

యంత్రం రాసినదాన్ని సరిచూడటం కూడా ఈ చదువు పనే. అది లేని శాసనాన్ని ఉన్నట్టు చెబుతుంది, తేదీని నమ్మకంగా తప్పు చెబుతుంది. శేషం 23 వచ్చిందా లేదా అని భాగించి చూసే అలవాటు ఉన్నవాళ్లకే అది పట్టుబడుతుంది.

అమెరికా వెళ్లాలనుకుంటే

ఇది మన ఇళ్లలో తప్పకుండా వచ్చే మాట కాబట్టి సూటిగా చెప్పాలి. అమెరికాలో మాస్టర్స్ తర్వాత పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, అందరికీ 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకు ఇంకో 24 నెలలు అదనం. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రాలకు ఆ పొడిగింపు లేదు. మాస్టర్స్‌కు సహాయమూ అరుదు. అప్పు చేసి వెళితే 12 నెలల్లో తీర్చుకోవడం కష్టం. పీహెచ్‌డీ సంగతి వేరు. మంచి విశ్వవిద్యాలయాల్లో మానవీయ శాస్త్రాల పీహెచ్‌డీకి ఫీజు మాఫీ, బోధన సహాయకుడిగా స్టైపెండ్ సాధారణంగా ఉంటాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, దరఖాస్తులో అన్నిటికన్నా బరువు మీరు రాసిన వ్యాసానికే. ఇరవై పేజీల నమూనా రచన అడుగుతారు. డిగ్రీ అంతా క్వశ్చన్ బ్యాంకుతో గడిపినవాళ్ల దగ్గర పంపడానికి ఏమీ ఉండదు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు

బోర్డు మీద ఉన్న పేరు కంటే లోపల జరిగే పని చూడాలి. గ్రంథాలయానికి వెళ్లి గత ఆరు నెలల్లో చరిత్ర, సాహిత్యం అరల్లోంచి ఎన్ని పుస్తకాలు బయటికి వెళ్లాయో అడగండి. ఇంటర్నల్స్‌కు రాయించిన అసైన్‌మెంట్లు ఒకటి రెండు చూపించమనండి. మార్జిన్‌లో అధ్యాపకుడి వ్యాఖ్య ఉందా, లేక ఎర్రసిరా టిక్కు, మార్కు మాత్రమేనా అన్నది చూస్తే చాలా తెలుస్తుంది. రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు, గెస్టులు ఎందరు అన్నది రెండో ప్రశ్న. గెస్టు అధ్యాపకుల్లో గొప్పవాళ్లుంటారు, కానీ ఏడాది మధ్యలో మారిపోతే మీ వ్యాసం దిద్దేవాళ్లు ఉండరు.

డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్లలో, అంటే తెలంగాణలో దోస్త్‌లో, ఆంధ్రలో ఓఏఎండీసీలో ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరే కాక సబ్జెక్టుల కలయిక కోడు కూడా సరిచూసుకోవాలి. ఒకే కాలేజీలో మూడు నాలుగు రకాల బీఏలు ఉంటాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఎంఏకు సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. ఆ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. దాని దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాలకు ముందే ముగిసిపోతుంది. ఫలితాలు చూశాక ఆలోచిద్దామనుకునేవాళ్లకు ఆ ఏడాదికి ఆ దారి మూసుకుపోయినట్టే. కాబట్టి ఇంటర్ రెండో ఏడాది జనవరి నుంచే ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైటును వారానికోసారి చూస్తుండాలి.